ఇంట్లో పిల్లనగ్రోవి చేయాలంటే: వెదురా పైపా, అడ్డమా నిలువా, ఆరా ఎనిమిదా?

ఇంట్లో పిల్లనగ్రోవి చేద్దామనుకుంటున్నామని చెప్పి ఎవరైనా సలహా అడిగితే, వాళ్ళ నోట మొదట వచ్చే ప్రశ్న "మంచి వెదురు ఎక్కడ దొరుకుతుందండీ?" అనే. నేను మాత్రం "ఊదేది ఎవరు?" అని అడుగుతాను. ఎనిమిదేళ్ళ పిల్ల ఊదడానికి చేసేది వేరు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పాత సినిమా పాటలు ఊదుకుందామనుకునే మనిషికి చేసేది వేరు, సంగీతం క్లాసుకు తీసుకెళ్ళాల్సింది వేరు. పైకి మూడూ బెజ్జాలు పెట్టిన గొట్టాలే. కానీ ఊదే మనిషిని బట్టి గొట్టం, లావు, రంధ్రాల లెక్క, శ్రుతి అన్నీ మారిపోతాయి.

నేను ఇప్పటిదాకా ఇరవైకి పైగా చేశాను. వాటిలో సగం పనికిరాకుండా పోయాయి. ఆ సగం నేర్పిన దాన్ని బట్టే ఈ సలహా రాస్తున్నాను, కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. మొదటిసారి చేసేవాళ్ళు ముప్పావు ఇంచు సిపివిసి పైపు (వేడినీళ్ళకు వాడే ప్లాస్టిక్ పైపు) తెచ్చుకుని, ఆరు రంధ్రాల అడ్డ పిల్లనగ్రోవి చేయండి. వెదురును రెండోదానికో మూడోదానికో ఉంచుకోండి. శాస్త్రీయ సంగీతం నేర్చుకునే పిల్లల కోసమైతే చేయకండి, కొనండి. ఇలా ఎందుకంటున్నానో ఒక్కొక్కటే చెబుతాను.

వెదురుదే అసలు నాదమా?

ప్లాస్టిక్ పైపు అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. వెదురులో ఉండే తీయదనం పైపులో ఎక్కడ వస్తుందని అడుగుతారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ పిల్లనగ్రోవిలో మోగేది గొట్టం కాదు, గొట్టంలోని గాలి. వీణకు పనస చెక్క ఎంత ముఖ్యమో, వేణువుకు గొట్టం గోడ అంత ముఖ్యం కాదు. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఈ విషయం మీద ఒక ప్రయోగం ప్రచురించారు. వెండి, రాగి, చెక్క గొట్టాలకు ఒకే రకం ఊదే భాగం అమర్చి, ఏది దేనిదో కనబడకుండా ఊదించి వినిపించారు. వినేవాళ్ళు తేడా పట్టలేకపోయారు. ఊదేవాళ్ళు కూడా నాదాన్ని బట్టి ఏది ఏదో చెప్పలేకపోయారు.

మరి కొన్న వెదురు వేణువు తీయగా, మనం చేసిన పైపు గరగరలాడుతూ ఎందుకు మోగుతాయి? తేడా ఊదే రంధ్రం అంచులో ఉంది. ఆ రంధ్రం దగ్గర గోడ ఎంత మందంగా ఉంది, అంచు ఎంత శుభ్రంగా ఉంది, గొట్టం లోపల ఎంత నున్నగా ఉంది అన్నవే నాదాన్ని నిర్ణయిస్తాయి. అనుభవమున్న పనివాడు వెదురు మీద ఈ మూడూ సరిగ్గా చేస్తాడు. మనం పైపు మీద హడావిడిగా డ్రిల్ దింపేసి, నేరం పైపు మీద వేస్తాం.

అందుకే గొట్టాన్ని ఎంచుకునేటప్పుడు "ఏది బాగా పలుకుతుంది" అని కాకుండా, "దేని మీద నేను తప్పు చేసి మళ్ళీ మొదలుపెట్టగలను" అని చూసుకోవాలి.

వెదురు: దొరికేది ఒకటి, కావాల్సింది ఒకటి

మొదటిసారి నేను మా ఊళ్ళో మేదర వీధికి వెళ్ళి ఒక బొంగు బేరమాడాను. ఎందుకని అడిగాడు అక్కడి పెద్దాయన. పిల్లనగ్రోవికని చెప్పాను. ఆయన బొంగును నిలువుగా ఎత్తి కొస నాకు చూపించి, "ఇది తడకలకీ నిచ్చెనలకీ పనికొస్తది గానీ ఊదడానికి కాదు బాబూ. గోడ చూడు, వేలంత మందం ఉంది" అన్నాడు. వినకుండా తెచ్చుకున్నాను. ఆయన చెప్పిందే నిజమైంది.

మన అడవుల్లో విరివిగా దొరికే సాధనపు వెదురు గట్టిది. కర్రలకు, నిచ్చెనలకు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ లోపలి బోలు చిన్నది, కొన్నిటికి అసలు ఉండదు. ముళ్ళ వెదురుకు బోలు ఉంటుంది గానీ అది మరీ లావు. మారేడుమిల్లి, అరకు వైపు బొంగు చికెన్ వండే బొంగు చూసే ఉంటారు కదా, దాంట్లో కూర ఉడుకుతుంది గానీ పాట పలకదు. వేణువుకు కావాల్సింది పలచటి గోడ, లోపల 16 నుంచి 20 మిల్లీమీటర్ల బోలు, కణుపుకూ కణుపుకూ మధ్య కనీసం ఒకటిన్నర అడుగుల దూరం. ఇలాంటి వెదురు అస్సాం వైపు నుంచి, కేరళ పడమటి కనుమల్లో పెరిగే ఈట జాతి నుంచి వస్తుంది. వాద్యాల దుకాణాల్లో అమ్మే వేణువుల్లో ఎక్కువ భాగం అలాంటి వెదురుతో చేసినవే. మనకు ఊళ్ళో దొరికేదాంట్లో సన్నటి కొమ్మల్ని వెతుక్కుంటే ఒకటో అరో కుదురుతుంది, అంతే.

దొరికినా వెంటనే పని మొదలుపెట్టకూడదు. పచ్చి వెదురులో పిండి పదార్థం ఉంటుంది, దాని కోసం పురుగు చేరి పుచ్చు పడుతుంది. పల్లెల్లో వెదురును నీళ్ళలో నానేసి తర్వాత ఆరబెట్టేది ఆ పిండి పోవాలనే. తర్వాత నీడలో మూడు నాలుగు నెలలు ఆరాలి. ఎండలో పెడితే నిలువునా పగులుతుంది. మేదర వీధి నుంచి నేను తెచ్చిన బొంగులో సన్నటి కొస ముక్క ఒకటి కాస్త పనికొచ్చేలా కనబడితే, తొందరపడి మూడో వారంలోనే బెజ్జాలు పెట్టాను. ఒక మే నెల మధ్యాహ్నం గోడకు ఆనించి ఉన్నది ఉన్నట్టే 'ఠప్'మని చీలింది. చీలిక సరిగ్గా ఊదే రంధ్రం మీదుగా పోయింది. ఎంసీల్ పెట్టి, దారం చుట్టి చాలా ప్రయత్నించాను. గాలి కారుతూనే ఉంది.

ఇంకో సంగతి. అడవిలో వెదురు నరకడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. 2017లో చట్టం మార్చి, అడవి బయట పెరిగే వెదురును చెట్టు అనే నిర్వచనం నుంచి తీసేశారు కాబట్టి, మీ దొడ్లోనో పొలం గట్టునో పెంచుకున్న దాన్ని కోసుకోవడానికి ఆ ఇబ్బంది లేదు. కొనుక్కునేవాళ్ళకు అసలు ఈ గొడవే లేదు.

ఇన్ని చెప్పి వెదురు వద్దంటున్నానని అనుకోకండి. చేతిలో వెదురు పట్టుకున్న అనుభూతి వేరు. బరువుండదు, పెదవికి చల్లగా తగలదు, వేలికింద జారదు. కాకపోతే ప్రతి బొంగుకూ లోపలి కొలత వేరు, కొంచెం కోలగా ఉంటుంది, ఒక కొస లావు ఒక కొస సన్నం. ఒకదానికి కుదిరిన కొలత రెండోదానికి కుదరదు. నేర్చుకునే చేతికి ఇది చాలా కష్టం. తప్పు చేసింది చేయా, వెదురా అన్నది కూడా తెలియదు.

పైపుల్లో ఏది?

హార్డ్‌వేర్ షాపులో మూడు రకాలు కనిపిస్తాయి. కరెంటు వైరింగుకు వాడే కండ్యూట్ పైపు, నీళ్ళకు వాడే యుపివిసి, వేడినీళ్ళకు వాడే లేత పసుపు రంగు సిపివిసి.

20 మిల్లీమీటర్ల కండ్యూట్ పైపు అన్నిటికంటే చవక, కోయడం తేలిక. లోపలి బోలు కూడా మంచిదే, 17 దగ్గర ఉంటుంది. లోపం గోడలో ఉంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమే కాబట్టి ఊదే రంధ్రానికి లోతు చాలదు, నాదం పలచగా వస్తుంది. దీన్నే వాడాల్సివస్తే ఊదే చోట ఒక కప్లింగ్ ముక్కను తొడుగులా ఎక్కించి, రెండిటికీ కలిపి రంధ్రం పెట్టండి. తేడా మొదటి ఊదుడులోనే తెలుస్తుంది.

కానీ పెదవికి తగిలే వస్తువు కాబట్టి నాకు ఇంకో ఆలోచన కూడా ఉంది. పివిసి పైపుల తయారీలో సీసం కలిపిన రసాయనాలు వాడటం మన దేశంలో చాలాకాలం నడిచింది. దాన్ని ఆపడానికి కేంద్రం 2021లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. షాపులో మూలన పడి ఉన్న పాత పైపు ఎప్పటిదో మనకు తెలియదు. పిల్లలు నోటి దగ్గర పెట్టుకునే దానికి తాగునీటి కోసం చేసిన పైపే తీసుకోండి. పాత ఇంట్లోంచి పీకేసిన పైపు ముక్కలు వద్దు.

అందుకే నా ఓటు ముప్పావు ఇంచు సిపివిసికి. బయటి కొలత 22 మిల్లీమీటర్ల చిల్లర, గోడ మందాన్ని తెలిపే ఎస్‌డిఆర్ 11 అనే ముద్ర ఉన్నదైతే గోడ 2 మిల్లీమీటర్లు, లోపలి బోలు 18 మిల్లీమీటర్లు. పిల్లనగ్రోవి కోసమే చేశారా అన్నట్టుంటుంది. అర ఇంచు సిపివిసి లోపలి బోలు పన్నెండున్నర మిల్లీమీటర్లే కాబట్టి దాంతో చిన్న పిల్లల చేతికి సరిపోయే సన్నటి, కీచు శ్రుతి గ్రోవి వస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు కూడా అక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లో సిపివిసి ఇవే కొలతల్లో దొరుకుతుంది కాబట్టి ఇక్కడ రాసిన లెక్కలు వాళ్ళకూ పనికొస్తాయి.

పైపుకు ఒక్కటే శత్రువు, వేడి. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే వంగిపోతుంది.

అల్యూమినియం గొట్టం గురించి కూడా అడుగుతుంటారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, వంగదు. కానీ గోడ ఒక మిల్లీమీటరే, బెజ్జం అంచులు వేళ్ళను కోస్తాయి, ఆకురాయితో రుద్ది రుద్ది చేయి పడిపోతుంది. లోహం పని తెలిసిన వాళ్ళకు తప్ప వద్దు.

ఇక పల్లెల్లో మనం చిన్నప్పుడు చేసుకున్న బొప్పాయి కాడ పీకలు, కొబ్బరాకు బూరలు ఒక పూట సంబరానికి చాలా మంచివి. పిల్లలకు తప్పకుండా చేసివ్వండి. బొప్పాయి కాడ పాలు పెదవులకు మంట పెడతాయి కాబట్టి కోశాక బాగా కడగాలి. గన్నేరు, జిల్లేడు లాంటి మొక్కల పుల్లలు మాత్రం నోటి దగ్గరకు రానివ్వకండి, అవి విషం. అయితే ఇవి స్వరాలు పలికే వాద్యాలు కావు కాబట్టి ఈ పోలికలోకి తేవడం లేదు.

అడ్డంగా ఊదేదా, నిలువుగా ఊదేదా?

ఇక్కడ చాలామంది తప్పు ఎంచుకుంటారు. తిరునాళ్ళలో అమ్మే నిలువు పిల్లనగ్రోవి ఊదడం ఎంత తేలికో తెలుసు కదా. నోట్లో పెట్టుకుని గాలి వదిలితే మోగుతుంది. ఊదడం తేలిక కాబట్టి చేయడం కూడా తేలికే అనుకుంటాం. నిజం దానికి తలకిందులు.

నిలువుదాంట్లో మన పెదవులు చేయాల్సిన పనంతా బిరడా చేస్తుంది. పైకొసలో బిరడా దిగ్గొట్టి, దాని మీది భాగాన్ని సన్నగా చెక్కి, గాలి పోవడానికి ఒక మిల్లీమీటరు పైచిలుకు సందు వదలాలి. ఆ సందులోంచి వచ్చే గాలి నేరుగా వెళ్ళి ఎదురుగా ఉన్న కిటికీ అంచుకు తగలాలి. సందు కాస్త ఎక్కువైతే బుస్సుమంటుంది. తక్కువైతే మూగబోతుంది. అంచు అర మిల్లీమీటరు ఎత్తుగా ఉన్నా పలకదు. నాకు నాలుగోది మోగింది. అది కూడా పై స్థాయిలో కీచుమంటుంది.

అడ్డ పిల్లనగ్రోవికి ఇవేమీ లేవు. ఒక గుండ్రటి రంధ్రం, పక్కన బిరడా, అంతే. చేయడానికి ఒక సాయంత్రం చాలు. కాకపోతే ఊదడం రావడానికి వారం పట్టొచ్చు. మొదటి రెండు రోజులు గాలి తప్ప నాదం రాదు, తల కూడా తిరుగుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊది మోగించడం వస్తే ఇదీ వచ్చేసినట్టే.

కాబట్టి, పదేళ్ళలోపు పిల్లలు వెంటనే ఊదాలనుకుంటే నిలువుది కొనివ్వండి, దాన్ని చేయాలని కూర్చోకండి. పిల్లలతో కలిసి చేయడమే సరదా అనుకుంటే అడ్డదే చేయండి, వారం రోజులు ఓపిక పట్టమని ముందే చెప్పండి. మా అబ్బాయి మూడో రోజు ఏడ్చి పక్కన పడేశాడు. ఐదో రోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఊదుకుంటుంటే ఉన్నట్టుండి గట్టిగా ఒక స్వరం పలికింది. ఇల్లంతా లేచి కూర్చున్నాం.

ఆరు రంధ్రాలా, ఎనిమిదా?

కర్ణాటక సంగీతంలో వేణువుకు కచేరీ స్థానం తెచ్చిన వాళ్ళలో మొదట చెప్పుకోవాల్సింది కుంభకోణానికి చెందిన శరభ శాస్త్రిని (1872–1904). తర్వాత మాలి అని అందరూ పిలుచుకునే టి.ఆర్. మహాలింగం (1926–1986) వేళ్ళ పద్ధతిని, ఊదే పద్ధతిని కొత్త దారి పట్టించారు. మన సంగీతం క్లాసుల్లో నేర్పే వేణువుకు ఊదే రంధ్రం కాక వేళ్ళకు ఎనిమిది రంధ్రాలు ఉంటాయి. నోటి వైపు మొదటి రెండూ మూస్తే షడ్జమం, అంటే స. హిందుస్థానీ బాంసురికి ఆరు, ఒక్కోసారి ఏడు. అక్కడ మొదటి మూడూ మూస్తే షడ్జమం. ఇవాళ మనం వినే పొడవాటి బాంసురిని కచేరీకి తెచ్చింది పన్నాలాల్ ఘోష్ (1911–1960).

ఈ వేళ్ళ తేడా చిన్నది కాదు. ఆరు రంధ్రాల దాని మీద ఆరు నెలలు సాధన చేసిన వేళ్ళు ఎనిమిది రంధ్రాల దాని మీదికి మారాలంటే చాలా తికమకపడతాయి. మీ పిల్ల రేపో మాపో కర్ణాటక సంగీతం టీచరు దగ్గర చేరబోతుంటే ఇంట్లో చేసిన ఆరు రంధ్రాల దానితో మొదలుపెట్టించకండి. టీచరు గారిని శ్రుతి అడిగి, ఆ శ్రుతికి తగిన వేణువు కొనండి. గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికే పలుకులు, రావాలంటే రంధ్రాన్ని సగం తెరిచి, వేలిని జార్చి ఊదాలి. దానికి రంధ్రాల సైజు, మధ్య దూరం చాలా లెక్కగా ఉండాలి. ఇంట్లో మొదటి ప్రయత్నంలో అది రాదు. అపశ్రుతి వేణువు మీద నేర్చుకున్న చెవి కూడా అపశ్రుతికి అలవాటు పడుతుంది. ఆ నష్టం కొన్ని వందల రూపాయల కంటే పెద్దది.

అలాంటి క్లాసు ఉద్దేశం లేకుండా, మనకు మనం ఊదుకోవడానికైతే ఆరు రంధ్రాలదే సుఖం. రెండు చేతుల్లో మూడేసి వేళ్ళు చాలు, చిటికెన వేలును సాగదీయాల్సిన పని లేదు.

శ్రుతి విషయంలో మనవాళ్ళు పాశ్చాత్య స్వరాల పేర్లను బట్టి సి అంటే ఒకటి, డి అంటే రెండు, జి అంటే ఐదు అని లెక్కపెడతారు. శ్రుతి తగ్గేకొద్దీ గొట్టం పొడుగవుతుంది, రంధ్రాలు దూరమవుతాయి. దీర్ఘంగా, గంభీరంగా పలికే పెద్ద వేణువు మీద అందరికీ మోజే, నాకూ ఉంది. కానీ మొదటిసారే దాని జోలికి పోతే వేళ్ళు అందవు. అన్ని రంధ్రాలూ మూసినప్పుడు జి పలికేది మధ్యరకం. మూడు మూస్తే అందులో సి వస్తుంది. పెద్దల చేతికి, పన్నెండేళ్ళు దాటిన పిల్లల చేతికి ఇది సరిపోతుంది.

కొలతలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మూడు దారులున్నాయి. మంచి వేణువు ఒకటి పక్కన పెట్టి నకలు చేయడం, లెక్క కట్టడం, చెవితో దిద్దుకుంటూ పోవడం. నకలు తేలిక, కానీ రెండిటి లోపలి బోలు, గోడ మందం ఒకటే అయితేనే పలుకుతుంది. లావులో రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా శ్రుతి తప్పుతుంది. నేను లెక్కతో మొదలుపెట్టి చెవితో ముగిస్తాను.

లెక్క ఇంతే. రెండు కొసలూ తెరిచిన గొట్టంలో గాలి, తరంగం పొడవులో సగం ఉన్నప్పుడు మోగుతుంది (మన గ్రోవిలో ఊదే రంధ్రమే పైన తెరిచిన కొస కింద లెక్క). మన వాతావరణంలో 30 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 349 మీటర్లు. జి అంటే సెకనుకు 392 కంపనాలు. 349ని 392కి రెట్టింపుతో, అంటే 784తో భాగిస్తే 44 సెంటీమీటర్లన్నర. అయితే ఊదే రంధ్రం చిన్నది కాబట్టి, గాలి కింది కొస దాటి కూడా కొంచెం కదులుతుంది కాబట్టి, అసలు గొట్టం ఇంతకంటే దాదాపు ఐదు సెంటీమీటర్లు పొట్టిగా ఉండాలి. అంటే ఊదే రంధ్రం మధ్య నుంచి కింది కొసకు 39 పైచిలుకు. మీరు 42 ఉంచుకుని కోయండి. పైన బిరడాకు, చేతి పట్టుకు ఇంకో ఆరేడు సెంటీమీటర్లు కలుపుకుంటే 49 సెంటీమీటర్ల ముక్క చాలు.

తర్వాత ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని, కింది కొసను కొద్దికొద్దిగా కోస్తూ జి దగ్గరికి తీసుకురావాలి. ఈ పొడవు గొట్టంలో ఒక మిల్లీమీటరు కోస్తే శ్రుతి దాదాపు 4 సెంట్లు పెరుగుతుంది. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి 100 సెంట్లు కాబట్టి రెండున్నర సెంటీమీటర్లకు ఒక స్థానం మారిపోతుంది. హాక్సాతో మొదలుపెట్టినా చివరి రెండు మిల్లీమీటర్లు గరుకు కాగితం మీద అరగదీయండి. కోసింది మళ్ళీ అతకదు.

వేళ్ళ రంధ్రాలు కింది నుంచి పైకి, ఒక్కొక్కటే. అన్నీ ఒకేసారి పెట్టేస్తే ఏది తప్పిందో తెలియదు. జి కోసం గొట్టం లెక్క కంటే ఎంత పొట్టి అయ్యిందో కొలిచి పెట్టుకోండి. తర్వాతి స్వరాలకు కూడా లెక్కలోంచి అంతే తీసేసి, అక్కడి నుంచి నోటి వైపు ఒకటి రెండు సెంటీమీటర్లు జరిపి 5 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టండి. శ్రుతి తక్కువగానే పలుకుతుంది, పలకాలి కూడా. ఆ తర్వాత గుండ్రటి ఆకురాయితో వెడల్పు చేస్తుంటే శ్రుతి పైకి ఎక్కుతుంది. నోటి వైపు అంచును రుద్దితే త్వరగా ఎక్కుతుంది. రెండు తిప్పులు రుద్దడం, ఊది చూడటం, మళ్ళీ రెండు తిప్పులు. ఎక్కువైపోతే లోపలి అంచుకు కాస్త తేనెమైనం అద్దితే దిగుతుంది.

ఈ పని ఎప్పుడు చేస్తున్నారో కూడా చూసుకోండి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ధ్వని వేగం సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీల్లో దిద్దిన గ్రోవి మే నెలలో శ్రుతి పైకి పోతుంది. మన ఊపిరి వేడి కొంత సర్దుతుంది గానీ, దిద్దే ముందు ఐదు నిమిషాలు ఊది గొట్టాన్ని వేడెక్కించడం మాత్రం మరవకండి.

కాల్చిన చువ్వా, డ్రిల్లా?

వెదురు వేణువులు చేసే పనివాళ్ళు ఇనుప చువ్వను ఎర్రగా కాల్చి రంధ్రం పెడతారు. అది పాతకాలపు అలవాటు మాత్రమే కాదు. వెదురు నారలు నిలువుగా ఉంటాయి, డ్రిల్ బిట్ వాటిని లాగి చీలుస్తుంది. కాలిన రంధ్రానికి అంచు గట్టిపడుతుంది, చీలదు. వెదురుకు డ్రిల్ వాడాల్సివస్తే బెజ్జం పెట్టే చోట టేపు బిగించి చుట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, నొక్కకుండా నెమ్మదిగా దించాలి.

అదే చువ్వను పైపు మీద పెట్టకండి. ఈ మాట పిల్లలతో చేసే ప్రతి ఒక్కరికీ గట్టిగా చెబుతున్నాను. పివిసి అయినా సిపివిసి అయినా కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. కళ్ళు, గొంతు, ఊపిరితిత్తులు మండిపోతాయి. కొన్ని వీడియోల్లో సోల్డరింగ్ ఐరన్‌తో పైపుకు చిల్లులు పెట్టడం చూశాను, చూస్తుంటేనే టెన్షన్ వచ్చింది. పైపుకు డ్రిల్, లేదంటే కత్తి మొన, ఆకురాయి. పొడి రాలుతుంది కాబట్టి ముక్కుకు మాస్కు.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

ఊదే రంధ్రానికి 10 మిల్లీమీటర్ల బిట్ సరిపోతుంది. డ్రిల్ బయటికి తీశాక రంధ్రంలోకి వెలుతురులో చూడండి. లోపలి వైపు ప్లాస్టిక్ పీచు గుండ్రంగా వేలాడుతూ ఉంటుంది. దాన్ని వదిలేస్తే నాదంలో బుసబుస పోదు. బ్లేడు మొనతో తిప్పి తీసేసి, గరుకు కాగితాన్ని పెన్సిలుకు చుట్టి లోపల నుంచి నున్నగా చేయండి.

ఇప్పుడు పెదవికి అవతలి వైపు ఉండే అంచు. మన గాలి వెళ్ళి చీలేది దాని మీదే. పైనుంచి చూస్తే గుండ్రంగానే ఉండాలి, కానీ గోడ లోపలి వైపు కొంచెం ఏటవాలుగా చెక్కాలి, కింద వెడల్పు పైన ఇరుకు అన్నట్టు. పై అంచు పదునుగా నిలవాలి. వేలితో తాకితే గీసుకోకూడదు, అలాగని జారిపోయేంత గుండ్రంగా కూడా ఉండకూడదు. నేను ప్రతిసారీ ఈ ఒక్క అంచు మీద అరగంట కూర్చుంటాను. రెండు సార్లు చెక్కడం, ఊదడం, మళ్ళీ చెక్కడం. ఒక దశలో గాలి చప్పుడు తగ్గిపోయి నాదం ఒక్కసారిగా ముందుకొస్తుంది. అక్కడ ఆపేయాలి. ఇంకొంచెం బాగవుతుందేమో అని చెక్కి నేను పాడుచేసినవి మూడున్నాయి.

బిరడా ఊదే రంధ్రం మధ్య నుంచి గొట్టం లోపలి వెడల్పంత దూరంలో, అంటే మన పైపుకు 18 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. సీసా కార్కు అరగదీసి దూర్చవచ్చు, బడిపిల్లలు వాడే రబ్బరును గుండ్రంగా కోసినా సరిపోతుంది. కింది స్థాయి జికి పై స్థాయి జికి మధ్య శ్రుతి కలవకపోతే రంధ్రాలను అనుమానించకుండా, ముందు బిరడాను ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరిపి చూడండి. పైపులో అది జరుగుతుంది. వెదురులో కణుపునే బిరడాగా వాడుకుంటే జరగదు, ముందే కొలిచి బెజ్జం పెట్టాల్సిందే. వెదురు వద్దని మొదటిసారి వాళ్ళకు చెప్పడానికి ఇదీ ఒక కారణం.

పైపుతో ఒకటి రెండు చేశాక, చెవికి ధైర్యం వచ్చాక, ఆరిన వెదురు సంపాదించుకోండి. లోపలి బోలు 18కి దగ్గరగా ఉన్న ముక్కను ఏరుకుంటే మీ పైపు కొలతలే మొదటి గీతలకు పనికొస్తాయి, తర్వాత చెవి చెప్పినట్టు దిద్దుకోవచ్చు. రెండు కొసల దగ్గరా, రంధ్రాల మధ్యా దారం బిగించి చుట్టండి. నెలకోసారి లోపల ఆవనూనె గానీ కొబ్బరినూనె గానీ పలచగా పూసి, గుడ్డతో తుడిచి, నీడలో ఉంచండి. పైపు గ్రోవిని మాత్రం పారేయకండి. దాని మీద ప్రతి బెజ్జం పక్కన ఎంత వెడల్పు, కొస నుంచి ఎంత దూరం అని పర్మనెంట్ మార్కర్‌తో రాసి పెట్టుకోండి. తర్వాత చేసే ప్రతి వెదురుకూ మీ స్కేలు అదే.